వెండితెర మీది రొట్టెల వ్యాను

మొదటి అరగంట హాల్లో ఎవరూ సినిమా చూడలేదు. ఎవరికి వాళ్ళు తెర మీద తమను తాము వెతుక్కున్నారు.

"అదిగో నా టోపీ!"

"ఆ వీపు మా ఆయనదే. ఆ వంగుడు ఇంకెవరికుంటుంది?"

"ఒసే ఈడిత్, నీ కాళ్ళొచ్చాయే! మొహం రాలేదు."

"కాళ్ళే నయం అనుకున్నారేమోలే!"

కిందటి వేసవిలో సినిమావాళ్ళు హెమ్లాక్ హార్బర్‌లో మకాం వేసినప్పుడు ఊళ్ళో సగం మంది పాతకాలపు బట్టలు తొడుక్కుని గుంపులో నిలబడ్డారు. ఎల్మా మాత్రం ఆ రోజులన్నీ చర్చి నేలమాళిగలో వంటలోనే గడిపింది. అంతమందికీ మధ్యాహ్నం తిండి పెట్టే పని ఆడవాళ్ళలో కొందరికి అప్పగించారు. మాంసమూ బంగాళదుంపా కూరిన పాస్టీలు చేసి చేసి ఆమె మణికట్లు వాచిపోయాయి. అందువల్ల తెర మీద వెతుక్కోవడానికి ఆమెకేమీ లేదు. ఊరు మొత్తంలో సినిమాను సినిమాలా చూస్తున్నది బహుశా ఆమె ఒక్కతే.

పక్క సీట్లో తండ్రి ఆర్వో కూర్చున్నాడు. ఎనభై దాటిన మనిషి. చెవి మిషను ఇంట్లో మరిచిపోయి వచ్చాడు.

కథ బాగానే నడుస్తోంది. పొగమంచు కమ్మిన రోజున ఒక పోలీసామె, ఎప్పుడో మూతపడిన దీపస్తంభం మీద పడవలను హెచ్చరించే కొమ్ము మోగడం వింటుంది. ఆ మోత వెంట నడిచి వెళితే ఎనభై నాలుగో సంవత్సరంలో తేలుతుంది. ఆ సాయంత్రమే సరస్సు ఒడ్డున నడివేసవి మంట దగ్గర ఒక పదిహేడేళ్ళ పిల్ల మాయం కాబోతోంది. పోలీసామె ఆ పిల్లను కాపాడాలని వెళుతుంది, విఫలమై తిరిగొస్తుంది, మళ్ళీ వెళుతుంది. మొదట బడి పంతులును అనుమానిస్తుంది, తర్వాత పడవవాణ్ణి. చూస్తూ చూస్తూ జనం తమను వెతుక్కోవడం మానేశారు. పాప్‌కార్న్ నమిలే చప్పుడు కూడా ఆగిపోయింది.

మూడోసారి పోలీసామె మంట వెనక చీకట్లో దాక్కుంది. గుంపును దాటి ఒక నీలం వ్యాను వచ్చి ఆగింది. వ్యాను పక్కన తెల్ల అక్షరాలతో రొట్టెల దుకాణం పేరు. కిటికీలోంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. ఆ చేతిలో ఏలకుల రొట్టె ముక్క. పిల్ల నవ్వింది, ముక్క అందుకుంది, తలుపు తీసుకుని ఎక్కి కూర్చుంది.

హాల్లో ఎవరో "దేవుడా" అన్నారు.

ఆ తర్వాత జరిగింది ఎల్మా జీవితంలో మరిచిపోలేదు. ముందు వరసల్లో తలలు ఒకటొకటిగా వెనక్కి తిరిగాయి. తెర వెలుగులో ఆ మొహాలు నీలంగా ఉన్నాయి. అందరి చూపూ తన పక్క సీటు మీదే.

ఆర్వోకు ఏమీ అర్థం కాలేదు. చెవిటివాళ్ళకు అలవాటైన గొంతుతో, "ఇంకా అయిపోలేదా?" అని అడిగాడు.

*

ఈ కథ కల్పితమని సినిమా చివర రాశారు. కానీ చివరి అక్షరాలు చదవడానికి ఎవరు కూర్చుంటారు? నలభై ఏళ్ళ కిందట యుహన్నుస్ అనే నడివేసవి పండుగనాటి మంట దగ్గర కారిన్ లాహ్తి అనే పిల్ల నిజంగానే కనిపించకుండా పోయింది. అప్పటికి ఆమెకు పదిహేడేళ్ళు. సరస్సును గాలించారు, అడవిని గాలించారు. ఏమీ దొరకలేదు. ఆ రోజుల్లో ఊళ్ళో నీలం వ్యానులో రొట్టెలు పంచినవాడు ఒక్కడే ఉన్నాడు. అతను ఆర్వో మట్టిల.

పోలీసులు అప్పుడు అందరినీ అడిగినట్టే అతన్నీ అడిగారు, వదిలేశారు. అతని మీద ఎవరూ ఒక్క మాట అనలేదు. సినిమా రాసినతను కాలిఫోర్నియా నుంచి వచ్చి, బారులో నాలుగు సాయంత్రాలు కూర్చుని కబుర్లు విని, చర్చి గోడ మీది పాత ఫోటోల్లో వ్యానును చూసి ముచ్చటపడ్డాడు. కథకు ఒక బండి కావాలి. ఆ బండి బాగుంది. అంతే.

మర్నాడు ఈడిత్ హోటల్లో కాఫీల దగ్గర ఒకటే రభస. ఎల్మా గుడ్లు కొనడానికి వెళ్ళి తలుపు దగ్గరే నిలబడిపోయింది.

"నాకొక్కటి చెప్పండి," అంటున్నాడు తోయివో, ముసలి జాలరి, చెంచా ఊపుతూ. "వెనక్కి వెళ్ళి పిల్లను కాపాడిందనుకోండి. అప్పుడిక కేసే లేదు. కేసు లేకపోతే ఈవిడ వెనక్కి వెళ్ళే పనేముంది? వెళ్ళకపోతే పిల్ల చచ్చిపోయినట్టే కదా!"

"నీ బుర్రకెందుకయ్యా అదంతా? చేపల లెక్కే తేలదు నీకు," అంది ఈడిత్.

"టికెట్టు కొన్నాను. అడిగే హక్కుంది నాకు."

"కొమ్ము మోత ఆ పోలీసామెకే ఎందుకు వినిపించింది? ఊళ్ళో తక్కినవాళ్ళకి చెవుల్లేవా?" అన్నారెవరో.

"చెవులున్నాయి, నీకు మాత్రం మీ ఆవిడ మాట వినిపించదు!"

నవ్వుల మధ్య తలుపు గంట మోగింది. ఆర్వో లోపలికొచ్చాడు. ఎప్పటిలాగే టోపీ తీసి కొక్కేనికి తగిలించాడు, కౌంటరు దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. నవ్వులు ఆగిపోయాయి. తోయివో చెంచాను కప్పులో పెట్టి, దాన్నే చూస్తూ తిప్పసాగాడు. అతని కప్పులో కాఫీ ఎప్పుడో అయిపోయింది.

"ఎవరైనా చచ్చారా?" అన్నాడు ఆర్వో.

ఈడిత్ కాఫీ పోసింది. రోజూ "చక్కెర తగ్గించు తాతా" అని చెయ్యి పట్టుకునే మనిషి, కప్పును అతని ముందుకు వేలితో తోసింది.

ఆ శనివారం ఆర్వో ఎప్పటిలాగే పెరట్లోని ఆవిరి స్నానాల గదిలో పొయ్యి వెలిగించి సౌనా రాజేశాడు. ముప్పై ఏళ్ళుగా శనివారం సాయంత్రం ముగ్గురు స్నేహితులు అతని సౌనాకు వస్తారు. అతని పెరట్లో పొగ లేస్తే చాలు, పిలుపు అక్కర్లేదు. ఎల్మా పాలు ఇచ్చిపోదామని వెళ్ళేసరికి బల్ల మీద నాలుగు తువ్వాళ్ళు మడతపెట్టి ఉన్నాయి. ఆర్వో ఒక్కడే చెమటలు కారుతూ గడప మీద కూర్చుని రోడ్డు వైపు చూస్తున్నాడు.

"దారిలో ఏదో పనిపడి ఉంటుంది," అన్నాడు.

ముగ్గురికీ ఒకేసారి పనిపడటం ఎల్మా ఎప్పుడూ ఎరగదు.

*

సోమవారం కారిన్ చెల్లెలు సిర్క ఎల్మా ఇంటికి వచ్చింది. చెప్పులు విప్పలేదు. వంటింటి గుమ్మం దగ్గరే నిలబడింది. నలభై ఎనిమిదేళ్ళ పొడవాటి మనిషి, ఆ రోజు ఇంకా పొడుగ్గా కనిపించింది.

"నీకు చెప్పకుండా వెళ్ళడం నాకిష్టం లేదు," అంది. "వచ్చే సోమవారం షెరీఫ్ ఆఫీసుకు వెళుతున్నాను. ఫోన్లో డిప్యూటీతో మాట్లాడాను. మీ నాన్న వ్యానులోకి మా అక్క ఎక్కడం నేను చూశాను ఎల్మా."

ఎల్మా చేతిలో పిండి గిన్నె ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తోచలేదు.

"ఎప్పుడు చూశావు?"

"అప్పుడే. మంట దగ్గర. నాకు ఎనిమిదేళ్ళు. నా చేతిలో కాగితపు లాంతరు ఉంది. వ్యాను వచ్చి ఆగింది. మీ నాన్న చెయ్యి బయటికొచ్చింది, రొట్టె ముక్కతో. అక్క నా ముందే నిలబడి ఉంది. నడినెత్తి మీద ఎర్ర క్లిప్పు పెట్టుకుంది. పాపిట వంకరగా తీసుకుంది. అంత బాగా కనిపిస్తోంది నాకు. తలుపు తీసి ఎక్కేసింది."

"ఇన్నేళ్ళూ ఒక్కసారీ చెప్పలేదేం?"

"గుర్తులేదు. సినిమా చూశాక గుర్తొచ్చింది. చిన్నపిల్లలు తట్టుకోలేనివి లోపల పాతేసుకుంటారట, టీవీలో డాక్టరు చెప్పాడు." సిర్క గుమ్మం చట్రాన్ని పట్టుకుంది. "ఆయన నీకు నాన్న. నీకు బాధే, కాదనను. అది నాకు అక్క."

ఆమె వెళ్ళిపోయాక కూడా పిండి గిన్నె ఎల్మా చేతిలోనే ఉంది.

సిర్క అబద్ధం చెప్పే మనిషి కాదు. ఎల్మాను భయపెట్టింది అదే. మామూలు ఊరి వాగుడైతే వారం పోతే చల్లారుతుంది. కానీ మాయమైన పిల్ల సొంత చెల్లెలు పోలీసుల ముందు కూర్చుని కళ్ళారా చూశానంటే ఆ మాట ఇక ఎక్కడికీ పోదు. ఆర్వో మట్టిల తన చివరి రోజులు హంతకుడిగా బతకాలి. అతని తర్వాత ఎల్మా హంతకుడి కూతురుగా బతకాలి.

కారిన్ మాయమైన సాయంత్రం తను ఊళ్ళో లేదు. పదిహేనేళ్ళ పిల్లగా పిన్ని దగ్గర వేరే ఊళ్ళో ఉంది. నాన్న ఎక్కడున్నాడో తన కళ్ళు చూడలేదు. ఈ ఆలోచన ఒకసారి మొదలయ్యాక కంట్లో నలుసులా నిలిచిపోయింది.

చివరికి అడగనే అడిగింది. ఆర్వో షెడ్డు ముందు కట్టెలు చీలుస్తున్నాడు.

"నాన్నా, కారిన్ పోయిన సాయంత్రం నువ్వెక్కడున్నావు?"

గొడ్డలి ఆగింది. అతను కూతుర్ని చాలాసేపు చూశాడు. కోపం వస్తుందనుకుంది, రాలేదు. అంతకంటే కష్టమైనది వచ్చింది. అతని చూపు ముసలిదైపోయింది.

"నువ్వు కూడా సినిమా చూశావు కదూ," అన్నాడు.

"చెప్పు నాన్నా. నాకు తెలియాలి."

"పోలీసులకు అప్పుడు ఇంట్లో ఉన్నానని చెప్పాను. మీ అమ్మ అవునంది. ఇప్పుడు మీ అమ్మ లేదు. నిజంగా నువ్వడిగితే ఎల్మా, నాకు ఆ సాయంత్రం గుర్తులేదు. ఇంట్లో ఉన్నానని చెప్పిన సంగతి గుర్తుంది. ఉన్న సంగతి గుర్తులేదు."

"పిల్లలకు రొట్టె ముక్కలు ఇచ్చేవాడివా?"

"ఇవ్వక? చివర్లు మిగిలేవి. నీకూ ఇచ్చేవాణ్ణి, అందరికీ ఇచ్చేవాణ్ణి. కారిన్‌కీ ఇచ్చాను." అతను కట్టెను నిలబెట్టి మళ్ళీ గొడ్డలి ఎత్తాడు. "ఇవ్వలేదని చెప్పమంటావా?"

ఎల్మా ఇంటికి నడిచి వచ్చింది. దారిలో ఎవరో పిల్లలు సైకిళ్ళ మీద కొమ్ము మోతను నోటితో ఊదుతూ పోయారు.

*

గురువారం మధ్యాహ్నం ఆట చూడటానికి ఆమె ఒక్కతే వెళ్ళింది. వ్యానులో ఏదైనా తేడా దొరుకుతుందని ఆశ. చక్రాలు, అక్షరాలు, అద్దం, ఏదో ఒకటి. హాల్లో పదిమంది కూడా లేరు, ఉన్నవాళ్ళంతా బయటి ఊళ్ళవాళ్ళే. వెనక వరసలో ఒక కుర్రజంట గుసగుసలాడుతోంది.

"హంతకుడు రొట్టెలవాడేనని నాకు ముందే తెలుసు."

"ఎలా?"

"మరీ మంచిగా నవ్వాడు."

వ్యాను వచ్చింది. ఎల్మా కళ్ళు చికిలించి చూసింది. రంగు అదే, అక్షరాలు అవే. సినిమావాళ్ళు పాత ఫోటోను ముందు పెట్టుకుని ఒళ్ళు దాచుకోకుండా పనిచేశారు. తేడా ఏదీ లేదు.

అప్పుడే తెర మీద సిర్క కనిపించింది.

షూటింగుకు సిర్క వెళ్ళడం ఊళ్ళో చాలామందికి నచ్చలేదు. "ఆ మంట దగ్గర ఒక్కసారి నిలబడాలనుంది," అని ఒక్క మాట చెప్పి వెళ్ళిపోయింది. అక్కడ గుంపుకు మంట వైపు చూడమన్నారు తప్ప, ఆ ముక్క కథలో ఎక్కడ వస్తుందో, హంతకుడెవరో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు తెర మీద ఆమె పూల రుమాలు కట్టుకుని, కాగితపు లాంతరు పట్టుకుని, కారిన్ వేషం వేసిన పిల్ల వెనకే నిలబడి ఉంది. ఆ నటి పొట్టి పిల్ల. సిర్క భుజానికి కూడా రాదు. వ్యాను ఆగినప్పుడు సిర్క తల వంచి ఆ పిల్లను చూసింది. కెమెరా ఆమె భుజం మీదుగా కిందికి దిగింది. ఎర్ర క్లిప్పు. వంకర పాపిట.

ఎల్మా ముందు సీటును రెండు చేతులా పట్టుకుంది.

కారిన్ లాహ్తి బడి బాస్కెట్‌బాల్ జట్టులో అందరికంటే పొడుగు. తలుపులు దాటేటప్పుడు తల వంచేది. ఎనిమిదేళ్ళ సిర్క ఆమె భుజం దాకా కూడా వచ్చేది కాదు. ఆ పిల్ల అక్క పాపిట చూడాలంటే నిచ్చెన కావాలి.

నాన్న నిర్దోషి అని దీనివల్ల తేలదు. ఆ సంగతి ఎల్మాకు తెలుసు. కానీ సిర్క చూశానంటున్నది మాత్రం నలభై ఏళ్ళ కిందటిది కాదు. పోయిన వేసవిది.

సంతోషం ఒక్క క్షణమే నిలిచింది. ఆ తర్వాత ఆలోచించింది. వెళ్ళి ఈ మాట ఎలా చెప్పాలి? నీ జ్ఞాపకం సినిమావాళ్ళదమ్మా అనా? అదీ, చెప్పేది ఎవరు, ఆర్వో కూతురు. గుమ్మంలో నిలబడి చెబితే సిర్క తలుపు వేసేస్తుంది. ఫోన్లో చెబితే పెట్టేస్తుంది. తలుపు వెయ్యలేని చోటు, గొంతు పెంచలేని చోటు ఒక్కటే ఉంది.

*

శనివారం మూడింటికి సిర్క వాళ్ళ పెరట్లో సౌనా పొగ లేచింది. ఆడవాళ్ళ వంతు ముందు. ఎల్మా తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళింది. ఆవిరికి వచ్చినవాళ్ళను పొమ్మనడం ఆ ఊళ్ళో లేదు. లోపల అరుచుకోవడమూ లేదు. చర్చిలో ఎలా కూర్చుంటారో అక్కడా అలాగే కూర్చోవాలని తల్లులు పిల్లలకు నడక రాకముందే నేర్పుతారు.

సిర్క పై మెట్టు మీద కూర్చుని ఉంది. ఎల్మాను చూసి కాస్త పక్కకు జరిగింది.

"వాదించడానికొచ్చావా?"

"ఇక్కడ ఎవరైనా వాదిస్తారా?"

సిర్క పొయ్యి మీది వేడి రాళ్ళ మీద గరిటెతో నీళ్ళు పోసింది. ఆవిరి బుస్సుమని లేచి ఇద్దరి మొహాలనూ కప్పింది. అది పలచబడ్డాక ఎల్మా అడిగింది.

"ఇంకోసారి చెప్పు సిర్కా. నువ్వు చూసింది."

"మీ నాన్నను తప్పించడానికి అడుగుతున్నావు."

"అందుకే. కాదని ఎందుకంటాను?"

ఆ జవాబు సిర్క ఊహించలేదు. కళ్ళు మూసుకుని, మెల్లగా చెప్పింది. లాంతరు, మంట, వ్యాను, చెయ్యి. అక్క నెత్తి మీద క్లిప్పు, ఎడమ పక్కకు జారి ఉంది. పాపిట వంకర.

"కారిన్ ఎంత పొడుగుండేది?"

"నీకు తెలియదా? ఆరడుగులకు కాస్త తక్కువ. అమ్మ అనేది, ఇంకా పెరిగితే పైకప్పు లేపించాలే అని." నవ్వబోయింది.

"నువ్వో?"

సిర్క కళ్ళు తెరిచింది. గరిటె తొట్టిలో సగం మునిగి ఉంది. అలాగే పట్టుకుని ఉండిపోయింది.

"రాయి మీద నిలబడి ఉంటాను," అంది.

"ఉండొచ్చు."

"ఎవరైనా ఎత్తుకుని ఉంటారు. మా బాబాయి ఎత్తుకునేవాడు."

"అదీ ఉండొచ్చు. నేను అక్కడ లేను. నాకు తెలియదు."

ఎల్మా నాలుక చివర దాకా వచ్చిన మాటలన్నిటినీ మింగింది. పొయ్యిలో కట్టె చిటపటలాడింది. సిర్క తన కుడిచెయ్యి పైకెత్తి చూసుకుంది. బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి చేర్చింది, ఏదో చిన్న వస్తువును పట్టుకున్నట్టు.

"ఆ క్లిప్పు ఊరికే జారిపోయేది," అంది. ఆమె మాట తనకే చెప్పుకుంటున్నట్టుంది. "ఆ పిల్లకు మెత్తటి జుట్టు. తీసిందే తీశారు ఆ ముక్కను. ప్రతిసారీ మేకప్ అమ్మాయి పరిగెత్తుకొచ్చేది. ఒకసారి ఆ అమ్మాయి రావడం ఆలస్యమైతే నేనే సర్దాను. ఈ చేత్తోనే. థాంక్యూ ఆంటీ అంది ఆ పిల్ల."

చెయ్యి ఒళ్ళో పడిపోయింది.

ఎల్మా ఆ చేతినే చూసింది.

"నలభై ఏళ్ళు ఎల్మా," అంది సిర్క. "అక్క మొహం నాకు గుర్తులేదు. ఫోటో గుర్తుంది, మొహం గుర్తులేదు. ఆ సినిమా చూసిన దగ్గర్నుంచి కళ్ళు మూస్తే చాలు, నా ముందు నిలబడేది. నిద్రపోయేముందు కావాలని మూసుకునేదాన్ని. ఇప్పుడు నువ్వొచ్చి, అది నీ అక్క కాదు, ఎవరో డబ్బులకొచ్చిన పిల్ల అంటున్నావు."

"నేననలేదు."

"అనకుండా అనిపించావు. అది ఇంకా ఘోరం."

"అవును," అంది ఎల్మా.

"మీ నాన్న నీకు మిగిలాడు. మరి నాకు?"

ఎల్మా చెయ్యి చాపితే సిర్క భుజం అందుతుంది. చాపలేదు. సిర్క నీళ్ళు పోసింది, చాలా పోసింది. ఆవిరి ముంచెత్తినప్పుడు ఆ మనిషి ఏడుస్తోందో లేదో చూసే వీలు లేకపోయింది. అందుకే పోసిందేమో.

"సోమవారం వెళతావా?" అని ఎల్మా అడిగింది.

"వెళతాను. వస్తానని చెప్పాను." గరిటె పక్కన పెట్టి, "నా బండి బ్రేకులు బాగాలేవు. నువ్వు దింపు," అంది.

ఏం చెబుతావని ఎల్మా అడగలేదు. అడిగితే చెప్పదని తెలుసు.

*

షెరీఫ్ ఆఫీసు జిల్లా కేంద్రంలో ఉంది. దారంతా సరస్సు పక్కనే. సిర్క కిటికీ అద్దానికి తల ఆనించి కూర్చుంది. ఒక్కసారి మాత్రం నోరు విప్పి, "హీటరు తగ్గించు," అంది. ఎల్మా చేతులు స్టీరింగు మీద చల్లగా ఉన్నాయి. పక్కనున్న మనిషి ఒళ్ళో చేతులు పెట్టుకుని, ఎల్మా తండ్రి బతుకును ఆ చేతుల్లో పెట్టుకుని కూర్చున్నట్టుంది.

డిప్యూటీ డేల్ వాళ్ళ కోసమే కాచుకుని ఉన్నాడు. ముప్పై దాటిన కుర్రవాడు, బుగ్గలింకా నునుపుగా ఉన్నాయి. కుర్చీలు లాగాడు, కాఫీ తెచ్చాడు. ఎల్మాను చూసి కాస్త ఇబ్బందిపడ్డాడు.

"ఈవిడ బయట కూర్చుంటే..."

"ఉండనీ," అంది సిర్క. "నేను చెప్పేది ఈవిడ కూడా వినాలి."

ఎల్మా కుర్చీ అంచున కూర్చుంది. ఇది మంచికో చెడుకో తేల్చుకోలేకపోయింది.

డేల్ రికార్డరు నొక్కి, పెన్ను పట్టుకున్నాడు. "మీకు తోచినట్టు చెప్పండి సిర్క గారూ. తొందరేం లేదు."

సిర్క టేబులు అంచును చూస్తూ మొదలుపెట్టింది.

"మంట దగ్గర ఉన్నాం. పొగ నా కళ్ళలోకి వస్తోంది. ఎవరో అకార్డియన్ వాయిస్తున్నారు, తప్పు వాయిస్తే అందరూ నవ్వుతున్నారు. అక్క నా పక్కన ఉంది. దాని మోచెయ్యి నా చెవికి తగులుతోంది. ఆ మోచేతి మీద దోమ కుట్టింది, అక్క గోక్కుంటే కాస్త రక్తం వచ్చింది. నేను దాని స్వెట్టరు అంచు పట్టుకున్నాను. తర్వాత ఎప్పుడో వదిలేశాను. మళ్ళీ చూస్తే లేదు."

సిర్క కాఫీ కప్పును పక్కకు జరిపింది.

"తర్వాత?" అన్నాడు డేల్.

"అంతే."

"వ్యాను సంగతి?"

సిర్క తల ఎత్తింది. ఎల్మా వైపు చూడలేదు. ఎల్మా తన చేతిసంచి పట్టీని వేలికి చుట్టింది. ఆ వేలు తెల్లబడింది.

"ఆ వ్యాను రోజూ ఊళ్ళో తిరిగేది. ఆ సాయంత్రం అక్కడికొచ్చిందా లేదా అంటే నాకు తెలియదు."

"ఫోన్లో చూశానన్నారండీ. అక్క ఎక్కడం చూశానన్నారు."

"అన్నాను. సినిమాలో చూశాను."

ఎల్మా వేలి పట్టీ వదులైంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతలోనే ఇంకో సంగతి తట్టింది. తండ్రి ఇంట్లో ఉన్నాడని సిర్క చెప్పలేదు. ఎవరూ చెప్పలేరు. తెలియదు అన్న మాట దగ్గరే ఊరు నలభై ఏళ్ళు బతికింది. ఇకముందు తనూ ఆ మాటతోనే బతకాలి. అయినా చూశాను అన్న మాటతో బతకడం కంటే ఇది నయం.

డేల్ పెన్ను కింద పెట్టాడు. అతని మొహంలో నిరాశ దాగలేదు. ఎన్నాళ్ళుగానో తెరుచుకోని తలుపు కాస్త తెరుచుకుని మళ్ళీ మూసుకుపోతే ఎవరికైనా అంతే. ముందుకు వంగి, గొంతు తగ్గించాడు.

"మీరు భయపడక్కర్లేదు సిర్క గారూ. ఇంకాస్త ఆలోచించండి. ఎందుకంటే, ఉన్నమాట చెబుతున్నాను, ఆ వ్యాను మంట పక్కన ఆగి ఉండటం నాకే బాగా గుర్తుంది."

సిర్క అతన్ని తేరిపార చూసింది. పదిరోజులుగా బిగుసుకున్న ఆమె మొహం మొదటిసారి కాస్త సడలింది. నవ్వు కాదు గానీ, నవ్వుకు దగ్గరిదేదో.

"నువ్వప్పటికి పుట్టలేదు కదయ్యా డేల్," అంది.

అతను ఏదో అనబోయి నోరు తెరిచాడు. లోలోపల లెక్క వేసుకున్నట్టు పెదవులు కదిలాయి. తర్వాత మెల్లగా చెయ్యి చాపి రికార్డరు ఆపేశాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.